రాళ్ల మధ్య గుంట

మా స్కూలు గేటు దాటితే నేను మా అమ్మాయికి అమ్మను కాను, మేడమ్‌ని. ఆ రూలు పెట్టింది నేనే. ఆరో తరగతిలో దాన్ని మా స్కూల్లోనే చేర్పించిన రోజు గేటు ముందు స్కూటీ ఆపి, దాని రిబ్బన్లు సర్దుతూ చెప్పాను. "ఇదిగో, లోపల అమ్మా గిమ్మా అన్నావంటే ఊరుకోను. అందరిలాగే మేడమ్ అనాలి. తెలిసిందా?" అది బుర్రూపి, స్కూటీ దిగి, గేటు దాటి, వెనక్కి తిరిగి "తెలిసింది మేడమ్" అంది. మొండి ఘటం. నా పోలికే.

ఎందుకు పెట్టానంటే, మా స్టాఫ్‌రూమ్ సంగతి నాకు తెలుసు కాబట్టి. గాజువాక పక్కన మాది సర్కారు హైస్కూలు. అందులో పాఠాలు చెప్పే మేమెవ్వరం మా పిల్లల్ని అందులో చదివించం. నేను చేర్పించాను. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే దాని మార్కుల మీద ఓ కన్నేసి ఉంచారు. "వాళ్లమ్మే కదండీ దిద్దేది" అన్న మాట అక్కడక్కడా నా చెవిన పడుతూనే ఉండేది. దానికి తోడు అది క్లాసులో లేచి అమ్మా అందంటే ఇంకేమైనా ఉందా!

చెప్పిన మాట చెప్పినట్టే విన్నది. ఒక్కసారి కూడా నోరు జారలేదు. మిగతా పిల్లలు జారేవారు. ఆడా మగా, ప్రతి పిల్లా పిల్లాడూ ఎప్పుడో ఒకప్పుడు బొమ్మ గీయడంలో మునిగిపోయి తలెత్తకుండానే టీచర్ని "అమ్మా, రబ్బరివ్వవా" అనేస్తారు. అనేసి నాలిక్కరుచుకుంటారు. క్లాసంతా గొల్లుమంటుంది. నన్ను అలా ఒక్కసారైనా అనని పిల్ల మా స్కూల్లో ఒక్కర్తే, నేను కన్నది. అప్పట్లో దాన్ని చూసి గర్వపడేదాన్ని.

ఇంకో రూలు కూడా ఉండేది, అది నాకు నేను పెట్టుకున్నది. మా వైపు, అంటే విజయనగరం అవతల పల్లెల్లో, ఆడపిల్లని గుంట అంటారు, మగపిల్లాణ్ణి గుంటడు అంటారు. మా అమ్మ నన్ను పిలిచిందంటే "ఓలి గుంటా, ఏటి సేత్తన్నావే" అనే పిలిచేది. నేను బీఈడీ చదివేటప్పుడు మొదటి క్లాసు చెప్పడానికి నిలబడి "సేపలు మొప్పల్తోటి ఊపిరి తీత్తాయి" అన్నాను. వెనక బెంచీలో కూర్చున్న లెక్చరర్ గారు లేచి, "సేపలు కాదమ్మా, చేపలు. చే. ఏదీ, అను" అన్నారు. అన్నాను. మళ్లీ అనమన్నారు. మళ్లీ అన్నాను. పిల్లలతో పాటు మా బ్యాచ్ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజే నోరు కడిగేసుకున్నాను. అప్పట్నుంచి చేప, చెరువు, చెట్టు. ఇంట్లో కూడా గుంట అన్న మాట రానివ్వలేదు. మా ఆయన స్టీల్ ప్లాంట్ నుంచి వస్తూనే "గుంట ఏదే?" అని అడిగితే "అమ్మాయి అనండి" అని దిద్దేదాన్ని. ఆయన "సర్లే, అమ్మాయి గారేదే?" అనేవారు.

ఇక బయాలజీలో నాకు పేరు తెచ్చింది నా కొలను. జలావరణ వ్యవస్థ పాఠం వచ్చిందంటే ముందురోజు సాయంత్రమే రంగు చాక్‌పీసులతో బోర్డు నిండా కొలను వేసేదాన్ని. అడుగున బురదలో బ్యాక్టీరియా. నీళ్లలో నాచు. నాచుని తినే పురుగు, పురుగుని తినే చిన్న చేప, చిన్న చేపని తినే పెద్ద చేప, ఒడ్డున ఒంటికాలి మీద కొంగ. తామరాకు మీద కప్ప. మూలన డబ్బా గీసి అందులో "చెరపవద్దు" అని రాసేదాన్ని. లెక్కల సారు కూడా ఆ వారమంతా మిగిలిన జానెడు జాగాలోనే ఇరుక్కుని లెక్కలు చేసేవారు. ఎవరు తనిఖీకి వచ్చినా హెచ్చెమ్ గారు ముందు ఆ గదికే తీసుకొచ్చేవారు.

అలాంటి చోటికి పోయినేడు ఆవిడొచ్చింది.

పిల్లలు ఎక్కువయ్యారని, బయాలజీకి ఇంకో టీచరు కావాలని, సర్దుబాటు మీద పంపారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. చుడీదారు, భుజాన గుడ్డ సంచి, వచ్చిన రోజే కాళ్లకి ఇసక. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఆ కొమ్ములు నన్నే పొడుస్తాయని అనుకోలేదు. వారం తిరక్కుండా పిల్లలు ఆవిడకి చిన్న మేడమ్ అని పేరు పెట్టారు. దాంతో నేను ఉన్నచోటే ఉండి పెద్ద మేడమ్‌ని అయిపోయాను. నన్నెవరూ అడగలేదు.

హెచ్చెమ్ గారు పిలిచి చల్లగా చెప్పారు. "మేడమ్ గారూ, తొమ్మిదో తరగతి ఆవిడకిచ్చేద్దామండి. మీ అమ్మాయి ఆ క్లాసుకొచ్చింది కదా. మీకూ మాట రాదు, నాకూ మాట రాదు." ఆయన చెప్పినదాంట్లో తప్పేముంది? ఏమీ లేదు. అందుకే మింగలేక కక్కలేక "అలాగేనండి" అన్నాను. "కొత్తావిడ కదా, ఓ నాలుగు రోజులు వెనక కూర్చుని చూడండి, మీరు సీనియర్" అని కూడా అన్నారు. అలా నా క్లాసులో, నా కొలను ఎదురుగా, నా కూతురు వెనక బెంచీలో నేను కూర్చున్నాను.

ఆవిడొచ్చి బోర్డు చూసింది. "అబ్బ, ఎంత బాగుందో మేడమ్ గారి బొమ్మ!" అంది. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, "ఏటర్రా, ఈ కొలన్లో ఏటి తక్కువైందో సెప్పండి సూద్దాం" అంది.

తక్కువేమిటి? ఇన్నేళ్లలో నా కొలన్లో ఏదైనా తక్కువైందని అన్నవాళ్లు లేరు.

పిల్లలు కాసేపు గుంజాటన పడ్డారు. ఆఖరికి పరవాడ వైపు నుంచి బస్సులో వచ్చే కుర్రాడొకడు లేచి "చెప్పు మేడమ్" అన్నాడు. "ఏటి సెప్పమంతావురా?" అందావిడ. "అది కాదు మేడమ్, చెప్పు. కాలి చెప్పు. మా ఊరి చెరువులో ఎప్పుడూ ఒకటుంటాది." ఇంకేం, క్లాసంతా అందుకుంది. చిప్స్ కవరు మేడమ్! వినాయకుడి చెయ్యి మేడమ్! కొబ్బరి పీచు! ఆవిడ చాక్‌పీసు తీసుకుని, నా కప్ప పక్కన, నా తామరాకు కింద, ఒక హవాయి చెప్పు గీసింది. చెరపవద్దన్నాను కదా, చెరపలేదు. చెప్పు తగిలించింది. "ఇప్పుడు సెప్పండి, ఈ సెప్పు ఎవరికి ఇల్లవుద్ది, ఎవరికి ఉరవుద్ది?" అంది. ఎప్పుడూ నోరు విప్పని ఆఖరి బెంచీ వాళ్లు కూడా చేతులెత్తారు.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పు గురించి కాదు, నిజం చెప్పాలంటే ఆ భాష గురించి. ఆవిడ పోర్టు క్వార్టర్లలో పెరిగిన మనిషి. వాళ్ల నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో శుద్ధమైన తెలుగు, వీధిలో ఆడుతూ నేర్చుకున్నది మా తెలుగు. ఏటి, నాను, సేత్తన్నాను అని పిల్లలతో ఎంత ధీమాగా మాట్లాడుతుందో! ఆవిణ్ణి ఎవరూ నిలబెట్టి "చే అనమ్మా" అనలేదు కదా. అదే మాట నేనంటే మొరటుతనం, ఆవిడంటే కలుపుగోలుతనం. అది పుట్టుకతో వచ్చింది నాకు. అనుభవిస్తున్నది ఆవిడ.

మర్నాడు బకెట్‌తో వచ్చింది. స్కూటీ ముందు పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పి, సముద్రపు నీళ్లు తెచ్చింది. అందులో నాచు పట్టిన రాయి, నాలుగు సన్యాసి పీతలు. ఈ పీతకి సొంత గుల్ల ఉండదు. ఖాళీ గుల్ల ఏది దొరికితే అందులో దూరి, దాన్నే ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఒళ్లు పెరిగితే పెద్ద గుల్ల వెతుక్కుంటుంది. పుస్తకంలో ఒక్క ముక్క, నేనూ ఒక్క ముక్కలోనే చెప్పేసేదాన్ని. ఆవిడేమందంటే, "మీ నాన్నకి ప్రమోషనొత్తే ఏటవుద్దర్రా? చిన్న క్వార్టర్ ఖాళీ సేసి పెద్ద క్వార్టర్‌కి మారతారా, లేదా? దీనికీ అంతే. కాపోతే దీనికి అలాట్‌మెంట్ ఆర్డరు అక్కర్లేదు." మా క్లాసులో సగం మంది ఉక్కునగరం చుట్టుపక్కల పిల్లలే. క్వార్టర్ మారడమంటే ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పడీ పడీ నవ్వారు. మా అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది, మేమే రెండేళ్ల కిందట క్వార్టర్ మారాం కాబట్టి.

ఆవిడ ఒక పీతని తీసి మా అమ్మాయి అరచేతిలో పెట్టింది. అది గుల్లలోకి ముడుచుకుపోయింది. క్లాసంతా బెంచీల మీంచి ముందుకి వంగింది. కాసేపటికి ఒక కాలు బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. తర్వాత కళ్లు. అరచేతిలో గుల్లతో సహా నడిచింది. మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూస్తూ అరిచింది.

"అమ్మా, సూడే! నడిసేత్తంది!"

క్లాసు గొల్లుమంది. ఆవిడా నవ్వి, దాని తల మీద చెయ్యి వేసి "సూత్తన్నానే" అంది. మా అమ్మాయి నాలిక కరుచుకుంది. ఆ తర్వాత, నెమ్మదిగా, వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

ఆ పూట స్టాఫ్‌రూమ్‌లో అన్నం ముందు కూర్చున్నాను. విషయం అప్పటికే అందరికీ చేరిపోయింది. మా తెలుగు మేష్టారు పెరుగన్నం కలుపుకుంటూ ఓదార్చబోయారు. "అమ్మా అన్నది గౌరవవాచకం కదండీ. కూరగాయలమ్మే ఆవిణ్ణీ అమ్మా అంటాం, హెడ్ నర్సునీ అమ్మా అంటాం. మీరు మనసులో పెట్టుకోకండి." నేను ఊరుకోలేకపోయాను. "అమ్మా అంటే గౌరవమే మేష్టారూ. మరి సూడే? సూడే అన్నది ఏ వాచకమో చెప్పండి" అన్నాను. ఆయన పెరుగన్నం మళ్లీ కలపడం మొదలుపెట్టారు. చూడండి అని ఉంటే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. కూరగాయలమ్మే ఆవిణ్ణి ఎవరూ సూడే అనరు. మా అమ్మాయికి సూడే అనే హక్కు ఉన్నది లోకంలో ఒక్క మనిషి మీదే. ఆ మనిషి వెనక బెంచీలో కూర్చుని ఉంది.

ఆవిడ నా పక్కనొచ్చి కూర్చుని, తన డబ్బాలోంచి వంకాయ కూర నా పళ్లెంలో వేసింది. "పిల్లలు కదా మేడమ్, నోరు జారతారు" అంది. ఆ మంచితనం ఒకటి. కాస్త చెడ్డదైనా అయ్యుంటే హాయిగా తిట్టుకునేదాన్ని. వంకాయ కూర కూడా బాగుంది.

ఇంట్లో మా ఆయనతో చెప్పాను. ఆయన నైట్ షిఫ్ట్‌కి బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నారు. "పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, ఇందుకేటే ఇంత బాధ?" అన్నారు. "ఇంట్లో అమ్మని నువ్వే కదా, స్కూల్లో ఎవర్నేటంటే నీకేటి? పిల్ల మీద కేసెడతావేటి?" ఆయనకేం, నవ్వులాటగా ఉంటుంది. ఆయన్ని ప్లాంట్‌లో రోజుకి వందమంది బావా అంటారు, అందరికీ పలుకుతారు.

నేను మా అమ్మాయిని ఏమీ అడగలేదు. కానీ ఇంట్లో రోజంతా చిన్న మేడమ్ పురాణమే. చిన్న మేడమ్ ఇలా అన్నారు, చిన్న మేడమ్‌కి ఈత వచ్చట, చిన్న మేడమ్ మమ్మల్ని రుషికొండ దగ్గర రాళ్లకి తీసుకెళ్తారట. పొరుగింటి పుల్లకూర రుచంటే ఏమిటో నాకు కూర వడ్డిస్తూ వినాల్సి వచ్చింది. ఒకరోజు దాని సైన్సు నోట్సు మీద సన్యాసి పీత బొమ్మ చూశాను. చక్కగా వేసింది. నా కొలను మూడేళ్లుగా చూస్తోంది, ఒక్క కప్పనైనా అలా వేసిన పాపాన పోలేదు.

రుషికొండ ప్రయాణానికి ఇద్దరు లేడీ టీచర్లు వెంట ఉండాలన్నారు హెచ్చెమ్ గారు. నేనొస్తానన్నాను. పిల్లల భద్రత అన్నాను. అసలు కారణం భద్రత కాదు, కాపలా. ఆవిడ ఏం మాయ చేస్తోందో కళ్లారా చూడాలని.

"గుంటల్ని జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు హెచ్చెమ్ గారు బస్సు ఎక్కేటప్పుడు. ఆయనదీ మా వైపే, గుంటలంటే ఆడపిల్లలని ఆయన ఉద్దేశం. చిన్న మేడమ్ నవ్వి, "ఏ గుంటల్ని సార్? రాళ్ల మధ్య గుంటల్నా, ఈ గుంటల్నా?" అంది. బస్సులో ఆడపిల్లలందరూ "మేమే, మేమే" అని కేకలు. మా అమ్మాయి కూడా. ఇంట్లో నేను నోటికి రానివ్వని మాటని అది బస్సులో చెయ్యెత్తి ఒప్పుకుంది.

సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసి తీసుకెళ్లింది. నీళ్లు దిగిపోయాక నల్లరాళ్ల మధ్య చిన్న చిన్న గుంటలు మిగిలాయి. ఆవిడ పిల్లల్ని జట్లుగా విడగొట్టి ఒక్కో జట్టుని ఒక్కో గుంట దగ్గర గొంతుక్కూర్చోబెట్టింది. "ఎన్ని ఉన్నాయని నాకొద్దు. ఎన్ని రకాలున్నాయో సెప్పండి. ఒకే రకానివి వంద ఉంటే అది గుంపు. వందా వంద రకాలైతే అదీ జీవవైవిధ్యం" అంది. పై గుంటల్లో ఎండకి నీళ్లు వేడెక్కి ఉప్పు ఎక్కువవుతుందని, అక్కడ మొండి ప్రాణాలే బతుకుతాయని, కింద నీళ్ల అంచున ఉన్న గుంటల్లో రకాలు ఎక్కువని, ఆ సంగతి ఆవిడ చెప్పలేదు. పై జట్టునీ కింది జట్టునీ మాట్లాడుకోమంది, వాళ్లే కనిపెట్టారు. నేను చెప్పుంటే ఐదు నిమిషాల్లో చెప్పేసి, నోట్సు రాయించి, ఇంపార్టెంట్ అని గీత గీయించేదాన్ని.

ఒక పిల్ల నన్ను పిలిచి "పెద్ద మేడమ్, ఇదేటి?" అని అడిగింది. గుంటలో రాతికి అంటుకుని, చుట్టూ సన్నటి వేళ్లు చాపుకుని, వేలు తగలగానే ముడుచుకుపోయే ప్రాణి. సీ అనిమోన్. ఏ వర్గమో, ఎలా తింటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ప్రాణంతో ఉన్నదాన్ని చూడటం అదే మొదటిసారి. ఈ ఊళ్లోనే కాపురం, ఈ సముద్రం ఒడ్డునే వేరుశెనక్కాయలు తింటూ ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో. పుస్తకంలో ఎర్రటి పువ్వులా ఉండేది ఇక్కడ ఇసక అంటుకున్న ముద్దలా ఉంది. నేనూ వేలు పెట్టాను. ముడుచుకుంది. చెప్పొద్దూ, సంతోషం వేసింది. ఆ వెంటనే కుళ్లు పుట్టింది. ఇది నేను చూపించాల్సింది కదా మా అమ్మాయికి!

నీళ్లు తిరిగి రావడం మొదలైంది. చిన్న మేడమ్ విజిల్ ఊదింది. పిల్లలు ఇసకలోకి వచ్చేశారు, నేను తలలు లెక్కపెడుతున్నాను. ఇంతలో ఎవరో "ఒరే, కొలన్లో చెప్పు!" అని నవ్వారు. అన్నిటికంటే కింద ఉన్న గుంటలో ఒక హవాయి చెప్పు తేలుతోంది. మా అమ్మాయిదే. అది తన కాలి వైపు చూసుకుని, "అమ్మో, చెప్పు వదిలేస్తే ఉరవుద్ది" అంటూ వెనక్కి పరిగెత్తింది. పాఠం అంత బాగా ఎక్కింది మరి.

చెప్పు అందుకుంది. లేవబోతే కాలు రెండు రాళ్ల సందులో దిగబడిపోయింది. లాక్కుంది, రాలేదు. అల ఒకటి వచ్చి దాని మోకాళ్ల దాకా తడిపి వెళ్లింది. తర్వాతది నడుము దాకా వచ్చింది. అప్పుడది అరిచింది.

"మేడమ్! మేడమ్!"

ఇద్దరం తిరిగాం. ఆవిడ దగ్గర్లో ఉంది, నేను ఎగువన ఉన్నాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని పరిగెత్తాను. నాచు మీద జారాను, చెయ్యి ఆనించాను, అరచెయ్యి గీసుకుపోయింది. నా నోట్లోంచి ఏం వస్తోందో నాకు తెలీదు. తర్వాత పిల్లలు చెబితే తెలిసింది.

"ఓలమ్మో, నా గుంట! నా గుంటే! అమ్మీ, కదలకే, నానొత్తన్నాను, నానొత్తన్నానే!"

ఆవిడే ముందు చేరింది. దాని నడుం పట్టుకుని అలకి అడ్డంగా నిలబడింది. నేను వెళ్లేసరికి కాలు తీయడానికి వంగుతోంది. నన్ను చూసి, చటుక్కున పక్కకి జరిగి, "మీరు కాలు తీయండి మేడమ్, నేను ఇటు పట్టుకుంటాను" అంది. నేను నీళ్లలో కూర్చుని, దాని మడమ పట్టుకుని, వెనక్కి తిప్పి, మెల్లగా లాగాను. వచ్చేసింది. చర్మం లేచింది, అంతే. మా అమ్మాయి ఒక చేతిలో చెప్పు పట్టుకుని, ఇంకో చేత్తో నా మెడ కావిలించుకుంది. ఒణికిపోతోంది. ఒణుకుతూనే నా చెవిలో "సారీ మేడమ్" అంది.

బస్సులో పిల్లలు నన్నే చూస్తున్నారు. "పెద్ద మేడమ్ నానొత్తన్నాను అన్నారురా" అని ఒకడు గుసగుసగా అన్నాడు. "గుంట అన్నారు కూడా" అంది ఇంకొకత్తె. ఎవరూ పొట్ట పట్టుకుని నవ్వలేదు. కాస్త ముచ్చటపడ్డట్టే ఉన్నారు. అదీ నాకు చిన్నతనంగానే అనిపించింది. చిన్న మేడమ్ తడిసిన చుడీదారుతో నా పక్కన కూర్చుంది. "మీరు ఇంత బాగా మాట్లాడతారని నాకు తెలీదు మేడమ్" అంది. "అది మా అమ్మ భాష" అన్నాను. పొడిగానే అన్నాను.

ఇంటికొచ్చాక దాని కాలికి పసుపు రాస్తూ ఆగలేకపోయాను. వారాల తరబడి నమిలి నమిలి ఉంచుకున్నదంతా బయటికొచ్చేసింది.

"నువ్వు పిలిచింది ఎవర్నే?"

"ఎప్పుడు?"

"రాళ్ల దగ్గర. మేడమ్ అన్నావు. ఎవర్ని?"

అది నన్ను వింతగా చూసింది. "నిన్నే. నిన్ను కాకపోతే ఎవర్ని పిలుస్తాను?"

"మరి మేడమ్ ఏంటి? ప్రాణం మీదకొస్తే అమ్మా అనరా ఎవరైనా?"

"స్కూల్ వాళ్లందరూ ఉన్నారు కదమ్మా. అనొద్దన్నావు కదా."

నిజమే, అన్నాను. నా రూలు నేను తెంపేసుకున్నాను, నీళ్లలో, అందరి ముందూ. అది నడుము లోతు నీళ్లలో కూడా తన రూలు తప్పలేదు. అయినా నా మంట చల్లారలేదు. అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకోటి మిగిలే ఉంది.

"మరి ఆ రోజు ఆవిణ్ణి అన్నావే. అమ్మా, సూడే అని. నన్ను మూడేళ్లలో ఒక్కసారి అనలేదు, ఆవిణ్ణి అన్నావు."

అది కాలు ఊదుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది. "నిన్ను అనొద్దన్నావు. ఆవిణ్ణి అనొద్దని ఎవరూ అనలేదు కదా."

పసుపు గిన్నె కింద పెట్టేశాను. దాని మాటల్లో కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. పీత నడుస్తుంటే ఆనందం పట్టలేక అమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. అది పోవడానికి నా వైపు దారి లేదు. నేనే మూసేశాను. దారి ఉన్నవైపు పోయింది.

"రేపట్నుంచి అను" అన్నాను. "స్కూల్లో కూడా అను. ఎవరేమనుకుంటే నాకేటి."

నా నోట్లోంచి ఏటి వినగానే అది ఫక్కున నవ్వింది. తర్వాత బుర్ర అడ్డంగా ఊపింది. "ఇప్పుడా? తొమ్మిదో తరగతిలో, అందరి ముందూ అమ్మా అనాలా? పరువు పోద్ది. వద్దులే, నాకు అలవాటైపోయింది."

నేను బతిమాలలేదు. ఎంత కుళ్లుమోతునైనా నాకూ పరువుంది.

మర్నాడు పొద్దున్న స్కూటీ మీద బయల్దేరాం. వెనక కూర్చుని, కుంటికాలు జాగ్రత్తగా పెట్టుకుని, దారంతా వాగుతూనే ఉంది. అమ్మా, ఆ బోర్డు చూడు. అమ్మా, మెల్లగా. అమ్మా, ఈరోజు డబ్బాలో ఏం పెట్టావు? గేటుకి పది గజాల ఇవతల వేపచెట్టు కింద స్కూటీ ఆపేశాను. చిన్న మేడమ్ బకెట్ పెట్టుకుని మమ్మల్ని దాటుతూ చెయ్యి ఊపింది. మా అమ్మాయి నా భుజం మీంచి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. ఆవిడ గేట్లోంచి లోపలికి వెళ్లిపోయింది.

నేను స్కూటీ కదపలేదు.

"ఏమైందమ్మా? పెట్రోలు అయిపోయిందా?"

"లేదు."

"అమ్మా, బెల్లు కొట్టేస్తారు."

"కొట్టనీయే" అన్నాను.